పాత పయొనీర్ రిసీవర్‌కి కొత్త టర్న్‌టేబుల్: ఫోనోలో గుచ్చాలా, ఆక్స్‌లోనా? హమ్ ఎక్కణ్ణుంచి?

మొదటిట్రాక్:

రిసీవర్ (రేడియో, ఆంప్లిఫయర్ కలిసిన పెట్టె) పయొనీర్ ఎస్‌ఎక్స్-780. అమెరికా మోడల్, 120 వోల్టులది. హైదరాబాద్‌లో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తోంది. టర్న్‌టేబుల్ కొత్తది, ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్‌పీ120ఎక్స్ యూఎస్‌బీ. దాంతో వచ్చిన వీఎం95ఈ కాట్రిడ్జే (ముల్లు ఉండే ముక్క) ఉంది.

రిసీవర్ వెనక ఫోనో (టర్న్‌టేబుల్ కోసం), ఆక్స్ (సీడీ లాంటి మిగతావాటి కోసం) అని ఇన్‌పుట్లున్నాయి. మూడు రకాలుగా కలిపి చూశాను.

టర్న్‌టేబుల్ వెనక స్విచ్ లైన్‌లో ఉంచి రిసీవర్ ఫోనోలో గుచ్చితే బేస్ బొంగురుగా, పాట మొత్తం చిరిగిపోయినట్టు వస్తోంది. వాల్యూమ్ కొంచెం కదిపితే చాలు, ఇల్లెగిరిపోతోంది.

స్విచ్ లైన్‌లోనే ఉంచి ఆక్స్‌లో గుచ్చితే శుభ్రంగా ఉంది. కానీ అదే ఆక్స్‌కి సీడీ ప్లేయర్ పెట్టినప్పటితో పోలిస్తే శబ్దం బాగా తక్కువ.

స్విచ్ ఫోనోలో ఉంచి ఫోనోలో గుచ్చితే పాట బాగుంది, వెనక గుంయ్‌మని హమ్. ఎడమ ఛానల్ మాత్రం అప్పుడప్పుడు సన్నబడిపోతోంది.

వీటిలో ఏది సరైన పద్ధతి? మూడోదే సరైనదైతే ఆ హమ్ పోయేదెలా?

సూదిమొన:

మీ రెండో పద్ధతీ, మూడో పద్ధతీ రెండూ సరైనవే. మొదటిది మాత్రం మళ్లీ చెయ్యకండి, స్పీకర్లకు మంచిది కాదు.

కారణం ఇదీ. వీఎం95ఈ కాట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ 4 మిల్లీవోల్టులు. రిసీవర్ ఫోనో ఇన్‌పుట్ ఆ మాత్రం సిగ్నల్ కోసమే తయారైంది. ఆ కాలపు పయొనీర్లలో ఫోనో సెన్సిటివిటీ (పూర్తి శబ్దానికి కావలసిన సిగ్నల్) 2.5 మిల్లీవోల్టులు, ఆక్స్‌ది 150 మిల్లీవోల్టులు. టర్న్‌టేబుల్ స్విచ్ లైన్‌లో పెట్టగానే అందులోని ప్రీఆంప్ (సిగ్నల్ పెంచే చిన్న సర్క్యూట్) ఆ నాలుగు మిల్లీవోల్టుల్ని 220 చుట్టుపక్కలకు పెంచుతుంది. అది సగటు లెక్క. పాటలో డప్పు గట్టిగా పడ్డచోట అంతకు నాలుగైదు రెట్లు ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి 2.5 మిల్లీవోల్టుల గుమ్మంలో తోస్తే మొదటి ట్రాన్సిస్టర్ దగ్గరే సిగ్నల్ నెత్తి తెగిపోతుంది. మీరు విన్న చిరుగుడు అదే.

బొంగురు సంగతి వేరు. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. లేకపోతే బేస్ గాడులు పక్కగాడుల్లోకి దూసుకుపోతాయి. వినేటప్పుడు దానికి సరిగ్గా తిరగేసి, 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెల్ పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెల్ తగ్గించాలి. ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ అంటే ఇదే. 1954 నుంచీ అదే ప్రమాణం. ఈ పని టర్న్‌టేబుల్‌లోని ప్రీఆంప్ ఒకసారి చేసింది, రిసీవర్ ఫోనో స్టేజి ఇంకోసారి చేసింది. బేస్ రెండింతలు పెరిగి, ట్రెబుల్ రెండింతలు చచ్చిపోయింది. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. స్విచ్ ఫోనోలో ఉంచి ఆక్స్‌లో గుచ్చితే దోమ పాడినట్టు సన్నగా, బేస్ లేకుండా వినిపిస్తుంది. ముల్లు నుంచి స్పీకర్ దాకా దారిలో ఆర్‌ఐఏఏ ఒక్కసారే ఉండాలి. ఎక్కడ ఉన్నా ఫర్వాలేదు.

రెండో పద్ధతిలో శబ్దం తక్కువనడం నిజానికి లోపం కాదు. సీడీ ప్లేయర్ 2 వోల్టులు ఇస్తుంది, మీ టర్న్‌టేబుల్ వోల్టులో నాలుగో వంతు కూడా ఇవ్వదు. ఆక్స్‌కి 150 మిల్లీవోల్టులు అందితే ఆ రిసీవర్ పూర్తి 45 వాట్లూ ఇవ్వగలదు. కాబట్టి నాబ్ ఇంకాస్త తిప్పండి, అంతే. పోల్చాలంటే సీడీతో కాదు, అదే రిసీవర్‌లో ఎఫ్ఎంతో పోల్చండి.

పాతరిసీవర్:

పైన చెప్పినదంతా సరే. కానీ రెండూ సమానమే అన్నట్టు వదిలేస్తే ఒప్పుకోను. 1978 నాటి ఆ పయొనీర్‌లో ఫోనో స్టేజి ఆ రిసీవర్‌కి ప్రాణం. ఆ రోజుల్లో రిసీవర్ కొనేవాడి ఇంట్లో ముఖ్యమైన సాధనం టర్న్‌టేబులే. అందుకే కంపెనీలు ఆ సర్క్యూట్ మీద శ్రద్ధ పెట్టాయి. టర్న్‌టేబుల్‌లో అదనంగా ఇచ్చే చిన్న ప్రీఆంప్ సౌకర్యం కోసం. రిసీవర్ ఆరోగ్యంగా ఉంటే ఫోనోలోనే వినండి. లేకపోతే బాగుచేయించేదాకా ఆక్స్.

ఫోనోలో వినేటప్పుడు ఎవరూ పట్టించుకోనిది కేబుల్ పొడవు. వీఎం95ఈకి కంపెనీ చెప్పిన కెపాసిటెన్స్ (కేబుల్ లాంటివి ఛార్జిని పట్టి ఉంచే గుణం) 100 నుంచి 200 పికోఫారడ్‌లు. మామూలు ఆర్‌సీఏ కేబుల్ (ఎడమ, కుడి ప్లగ్గులుండే మామూలు ఆడియో కేబుల్) మీటరుకు సుమారు 100 కలుపుతుంది, నాసిరకం కేబులైతే ఇంకా ఎక్కువ. టోన్‌ఆర్మ్ లోపలి వైరు కొంత, రిసీవర్ ఫోనో ఇన్‌పుట్‌లో ఉండే చిన్న కెపాసిటర్ కొంత. అన్నీ కలిస్తే తేలిగ్గా 300 దాటుతుంది. కాట్రిడ్జ్ కాయిల్ ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు. లెక్క కట్టండి: 200 పికోఫారడ్‌ల దగ్గర రెజొనెన్స్ (శబ్దం అనవసరంగా ఉబ్బే చోటు) 15 కిలోహెర్ట్జ్, 400 దగ్గరైతే పదకొండుకి కూడా అందదు. అంటే గాయని 'స' అన్నచోటల్లా కీచుమంటుంది, ఆ పైన అంతా మూసుకుపోతుంది. చాలామంది అప్పుడు ముల్లు పాడైందనుకుని కొత్తది కొంటారు. ఒక మీటరు కేబుల్ చాలు, రెండు మీటర్లది వద్దు. లైన్ సిగ్నల్‌కి మాత్రం ఈ బెడద లేదు, కాబట్టి టర్న్‌టేబుల్ గది అవతలి మూల ఉండక తప్పదంటే అప్పుడు లోపలి ప్రీఆంపే మేలు.

ఇంకోటి. పాత రిసీవర్ వెనక ఆర్‌సీఏ సాకెట్లు దగ్గరదగ్గరగా, పల్చటి రేకుతో ఉంటాయి. ఇప్పటి లావాటి, బిగుతు ప్లగ్గులు బలవంతంగా గుచ్చి లాగితే సాకెట్ బోర్డు నుంచి ఊడి వస్తుంది. మామూలు ప్లగ్గే వాడండి. తీసేటప్పుడు వైరు పట్టి కాదు, ప్లగ్గు పట్టి, కొంచెం తిప్పుతూ లాగండి.

గ్రౌండువైరు:

హమ్ గురించి. ముందు అది రిసీవర్‌దో టర్న్‌టేబుల్‌దో తేల్చుకోండి. ఊహలతో కేబుళ్లు మార్చుకుంటూ పోతే నెల గడుస్తుంది, హమ్ అక్కడే ఉంటుంది.

సెలెక్టర్ (ఇన్‌పుట్ ఎంచుకునే స్విచ్) ఆక్స్‌లో, దానికి ఏమీ గుచ్చకుండా, వాల్యూమ్ మామూలుగా వినే చోట పెట్టండి. అక్కడా హమ్ ఉండి, వాల్యూమ్ తగ్గించినా మారకుండా ఉంటే రిసీవర్ పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లు అలిసిపోయాయని. అది టర్న్‌టేబుల్ సమస్యే కాదు.

అక్కడ నిశ్శబ్దంగా ఉంటే ఫోనోకి రండి. ఖాళీ ఫోనో ఇన్‌పుట్‌లో వాల్యూమ్ పెంచితే కొంత హమ్ రావడం సహజం, దాన్ని చూసి బెదరకండి. రెండు ఆర్‌సీఏ ప్లగ్గులు తెచ్చి, ఒక్కోదానిలో మధ్య పిన్నునీ చుట్టూ రేకునీ చిన్న వైరు ముక్కతో కలిపి టంకం వెయ్యండి. వాటిని ఫోనోలో గుచ్చండి. ఇప్పుడు హమ్ పోతే రిసీవర్ నిర్దోషి. పోకపోతే ఫోనో బోర్డు చూడాలి.

రిసీవర్ నిర్దోషి అయితే టర్న్‌టేబుల్ కలిపి ఇవి చూడండి. టర్న్‌టేబుల్ వెనక జీఎన్‌డీ (గ్రౌండు) మరనీ, రిసీవర్ వెనక ఫోనో పక్కనున్న జీఎన్‌డీ మరనీ సన్న వైరుతో కలిపారా? మర కింద పెయింటో తుప్పో ఉంటే వైరు ఉన్నట్టే కనిపిస్తుంది, పనిమాత్రం చెయ్యదు. 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది బిగించండి. టోన్‌ఆర్మ్ లోహపు భాగాన్ని వేలితో తాకినప్పుడు హమ్ తగ్గితే లోపం ఇక్కడే.

హెడ్‌షెల్ (కాట్రిడ్జ్ బిగించి ఉన్న కొస ముక్క) విప్పి దాని నాలుగు పిన్నుల్నీ మెత్తటి రబ్బరుతో తుడవండి. వెనక చిన్న నల్ల వాషర్ జారిపోయిందేమో చూడండి. హమ్ ఒక్క ఛానల్‌లోనే ఉంటే కాట్రిడ్జ్ వెనక నాలుగు వైర్లలో ఒకటి వదులై ఉండొచ్చు. తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్.

యూఎస్‌బీ తీగ కంప్యూటర్‌కి పెట్టి ఉంటే పీకెయ్యండి. మూడు పిన్నుల ఛార్జర్‌తో ఉన్న ల్యాప్‌టాప్ ఇంకో దారిలో ఎర్త్ తెచ్చి లూప్ కట్టి హమ్ తెస్తుంది. టీవీ సెట్‌టాప్ బాక్స్ అదే రిసీవర్‌కి కలిపి ఉంటే దానిదీ అదే కథ.

ఇక మీ విషయంలో నాకు గట్టి అనుమానం స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద. అది ఎక్కడ పెట్టారు? ర్యాక్‌లో టర్న్‌టేబుల్ కింద అరలో ఉంటే, దాని అయస్కాంత క్షేత్రం నేరుగా కాట్రిడ్జ్ కాయిల్‌లోకి ఎక్కుతుంది. దీనికి గ్రౌండు వైరు ఏమీ చెయ్యలేదు. పరీక్ష సులువు. పళ్లెం తిరగకుండా, ముల్లుకు తొడుగు పెట్టి, ఆర్మ్‌ని చేత్తో గాల్లో అటూ ఇటూ జరపండి. చోటు మారుతున్న కొద్దీ హమ్ పెరిగి తగ్గుతుంటే అది గాల్లోంచి వచ్చేదే.

మొదటిట్రాక్:

చూశాను. ఆక్స్‌లో నిశ్శబ్దం. ఫోనోలో షార్ట్ ప్లగ్గులు పెడితే కూడా నిశ్శబ్దం. ట్రాన్స్‌ఫార్మర్ సరిగ్గా టర్న్‌టేబుల్ కింది అరలోనే ఉంది. ఒక మీటరు దూరం జరిపితే హమ్ సగానికి పైగా పోయింది. రిసీవర్ జీఎన్‌డీ మర కింద నల్లగా పట్టి ఉంది, గీకి బిగిస్తే మిగిలింది కూడా పోయింది. ఇప్పుడు ముల్లు ఎత్తి, వాల్యూమ్ మధ్యకు తిప్పితే చిన్న బుస తప్ప ఏమీ లేదు.

ఎడమ ఛానల్ మాత్రం అలాగే ఉంది. సెలెక్టర్ అటూ ఇటూ తిప్పితే వస్తుంది, పావుగంటకు మళ్లీ సన్నబడుతుంది.

స్టెప్‌డౌన్ 300 వీఏది (వోల్ట్-ఆంపియర్, దాని సామర్థ్యం). అది సరిపోతుందా అన్నది కూడా అడగాలనుకున్నాను.

పాతరిసీవర్:

బుస సహజం, అది ఫోనో స్టేజి ఊపిరి.

300 సరిపోతుందో లేదో రిసీవర్ వెనక లేబుల్ చెబుతుంది. అక్కడ రాసిన వాట్లకు రెట్టింపు వీఏ ఉండేలా చూసుకోండి. మన కరెంటు రాత్రిపూట 240 దాటే చోట్ల స్టెప్‌డౌన్ అవుట్‌పుట్ కూడా ఆ మేరకు పెరుగుతుంది. ఒకసారి మల్టీమీటరు పెట్టి కొలవండి. 125 దాటుతుంటే ముందు స్టెబిలైజర్ ఉండాలి. లేబుల్ మీద 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన 50 హెర్ట్జ్ మీద లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. పైన పుస్తకాలు, గుడ్డలు పెట్టకండి, నాలుగు వేళ్ల ఎత్తు గాలి వదలండి. జపాన్ లోపలి మార్కెట్ సెట్ కొనేవాళ్లకు ఒక మాట: అవి 100 వోల్టులవి. 110 స్టెప్‌డౌన్ వాటికి చాలా ఎక్కువ.

రిసీవర్ వీపున రెండు మూడు పవర్ సాకెట్లు ఉంటాయి, అప్పట్లో టర్న్‌టేబుల్, టేప్‌డెక్ గుచ్చుకోవడానికి. మీ సెట్‌లో వాటిలో వచ్చేది 120 వోల్టులే. మీ టర్న్‌టేబుల్ అడాప్టర్ మీద 100-240 అని ఉంటే ఎక్కడైనా నడుస్తుంది, అయినా నేరుగా గోడకు గుచ్చడమే నయం.

గ్రౌండువైరు:

ఎడమ ఛానల్‌కి ఇది చెయ్యండి. పవర్ ఆపి, రిసీవర్ వెనక ఫోనో ఎడమ, కుడి ప్లగ్గుల్ని తారుమారు చెయ్యండి. లోపం కుడి స్పీకర్‌లోకి మారితే అది టర్న్‌టేబుల్ వైపుది: హెడ్‌షెల్, కేబుల్. ఎడమ స్పీకర్‌లోనే ఉండిపోతే రిసీవర్‌ది. సెలెక్టర్ కదిపితే వస్తోందన్నారు కాబట్టి రెండోదేనని నా పందెం. నలభై ఐదేళ్లు దాటిన స్విచ్, లోపలి రేకులు నల్లబడి ఉంటాయి.

మందు కాంటాక్ట్ క్లీనర్. డీఆక్సిట్ డీ5 దొరికితే మంచిది. దొరక్కపోతే సీఆర్‌సీ 2-26తో పని అవుతుంది. తలుపు బందులకు కొట్టే మామూలు డబ్ల్యూడీ-40 మాత్రం వద్దు, అది జిడ్డు మిగిల్చి దుమ్ము పోగేస్తుంది. ప్లగ్గు పీకి, అరగంట ఆగి, మూత విప్పండి. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జి మిగిలి ఉంటుంది, వాటి కాళ్ల జోలికి వెళ్లొద్దు. సెలెక్టర్ వేఫర్ల (స్విచ్ లోపలి పలకల) సందుల్లోకి గొట్టం పెట్టి చిన్న చిన్న తుంపర్లు రెండు కొట్టి, స్విచ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు 30 సార్లు తిప్పండి. టేప్ మానిటర్ బటన్లకూ, మోడ్ స్విచ్‌కీ అదే వైద్యం. సిగ్నల్ వాటన్నిటి గుండానే పోతుంది, ఒక్కటి నల్లబడినా ఛానల్ పడిపోతుంది. డయల్ తీగ దగ్గరుండే ట్యూనింగ్ గ్యాంగ్ (స్టేషన్ మార్చే పలకల కెపాసిటర్) మీద మాత్రం ఒక్క చుక్క పడకూడదు, స్టేషన్లు చోటు మారిపోతాయి. రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు ఆన్ చెయ్యండి.

ఆరాక ఇంకో పని. స్పీకర్లు విప్పేసి, ఆన్ చేసి, వాల్యూమ్ సున్నాలో ఉంచి, స్పీకర్ టెర్మినళ్ల మధ్య డీసీ మిల్లీవోల్టులు కొలవండి. 50 లోపు ఉంటే నిశ్చింత. 100 దాటితే స్పీకర్ కలపకుండా మెకానిక్ దగ్గరకు పంపండి. ఆ మోడల్‌లో అవుట్‌పుట్‌కి వాడినవి ఎస్‌టీకే-0050 ప్యాక్‌లు (స్పీకర్‌ని నడిపే సర్క్యూట్ ముక్కలు). అసలువి ఇప్పుడు తయారు కావడం లేదు, బజార్లో నకిలీలు ఎక్కువ. ఒకటి పోతే దొరకడం కష్టం కాబట్టి షార్ట్ కాకుండా స్పీకర్ వైరు కొసల్ని మెలిపెట్టి శుభ్రంగా బిగించండి.

డిన్‌సాకెట్:

ఇదే ప్రశ్నతో యూరప్ సెట్లు ఉన్నవాళ్లు కూడా వస్తారు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ జర్మనీలో పాత గ్రుండిగ్, టెలిఫుంకెన్, ఫిలిప్స్ రిసీవర్లలో ఆర్‌సీఏ సాకెట్లే ఉండవు. అయిదు పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్ ఉంటుంది. మూడో పిన్ను ఎడమ, అయిదోది కుడి, మధ్యలో రెండోది గ్రౌండు. పిన్నుల వరుస 1, 4, 2, 5, 3 అని ఉంటుంది. సంఖ్యల వరుసనే ఉంటాయనుకుని టంకం వేసి తిప్పలు పడేవాళ్లు చాలామంది. నాలుగు ఆర్‌సీఏలున్న అడాప్టర్ కొంటే వాటిలో ఒక జత రికార్డింగ్‌కి, ఒక జత వినడానికి. శబ్దం రాకపోతే రెండో జత గుచ్చి చూడండి.

అసలు చిక్కు వేరు. కొన్ని పాత సెట్లలో పికప్ ఇన్‌పుట్ క్రిస్టల్, సిరామిక్ కాట్రిడ్జ్‌ల కోసం పెట్టినది. దానిలో ఆర్‌ఐఏఏ ఉండదు, వందల మిల్లీవోల్టులు అడుగుతుంది. సాకెట్ దగ్గర మాగ్నెట్ అనో, మాగ్నెటిక్ అనో స్పష్టంగా లేకపోతే అనుమానించాల్సిందే. అలాంటి దానికి టర్న్‌టేబుల్ స్విచ్ లైన్‌లో పెట్టి కలపండి, హాయిగా పాడుతుంది. భారత్‌లో పాత ఆంప్లిఫయర్లు, రేడియోగ్రాముల వెనక పికప్ అని ఉండే సాకెట్‌కీ ఇదే సూత్రం.

సూదిమొన:

మంచి విషయం గుర్తు చేశారు. దీనికి తోడు ఒక చిన్న సలహా: మన పాత సినిమా ఈపీలు చాలావరకు మోనోవి. అవి వినేటప్పుడు మోడ్ స్విచ్ మోనోలో పెట్టండి. మోనో గాడిలో పాట అడ్డంగానే ఉంటుంది, చిటపటల్లో చాలా భాగం ముల్లును నిలువుగా కదిపినప్పుడు వచ్చేవి. రెండు ఛానళ్లూ కలపగానే ఆ నిలువు కదలిక చాలావరకు కొట్టుకుపోతుంది. టర్న్‌టేబుల్‌లో 78 వేగం ఉంది కదా అని అదే ముల్లుతో పాత లక్క ప్లేట్లు మాత్రం పెట్టకండి. వాటి గాడి వెడల్పు వేరు, 3 మిల్ (అంగుళంలో వెయ్యింట మూడు వంతులు) ముల్లు కావాలి. ఎల్‌పీ ముల్లు ఆ గాడి అడుగున పడి దొర్లుతుంది, ముల్లుకీ ప్లేటుకీ ఇద్దరికీ నష్టమే.

ట్రాకింగ్ బరువు ఎవరూ అడగలేదు. వీఎం95ఈకి 2 గ్రాములు, యాంటీస్కేట్ (ఆర్మ్ లోపలికి లాగకుండా ఆపేది) కూడా 2. ఆర్మ్‌ని ముందు గాల్లో సమంగా తేలేలా బరువు సర్ది, అక్కడ అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకి తెచ్చి, ఆ తర్వాత మొత్తం బరువును 2కి తిప్పాలి. చక్రం ఒక్కటే తిప్పి వదిలేస్తే ముల్లు ఎగిరిపడుతుంది.

మొదటిట్రాక్:

ప్లగ్గులు తారుమారు చేశాను. లోపం ఎడమ స్పీకర్‌లోనే ఉంది, అంటే రిసీవర్‌దే. డీసీ ఎడమ 18, కుడి 22 మిల్లీవోల్టులు. స్టెప్‌డౌన్ అవుట్‌పుట్ 121. సెలెక్టర్‌కీ, టేప్ మానిటర్‌కీ సీఆర్‌సీ కొట్టి 30 సార్లు తిప్పి రాత్రంతా వదిలాను. ఇప్పుడు రెండు గంటలుగా ఎడమ నిలకడగా ఉంది. కానీ అదే ఛానల్‌లో చాలా సన్నగా చిటచిట వస్తోంది, రికార్డు ఆపినా వస్తోంది. ఆక్స్‌లో రావడం లేదు.

గ్రౌండువైరు:

ఆక్స్‌లో లేదు, రికార్డు ఆపినా ఉంది అంటే ఫోనో బోర్డులో ఎడమవైపు ట్రాన్సిస్టరో, ఇన్‌పుట్ దగ్గరి చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరో. షార్ట్ ప్లగ్గు ఎడమ ఫోనోలో పెట్టి ఇంకోసారి వినండి. అప్పుడూ ఉంటే ఖాయం. మెకానిక్‌కి ఇచ్చేటప్పుడు 'ఫోనో ఎడమ ఛానల్, షార్ట్ చేసినా చిటచిట, ఆక్స్ శుభ్రం' అని చీటీ రాసి మూతకు అంటించండి, లేకపోతే ముందు పవర్ స్టేజి విప్పుతాడు. ఎడమది మారిస్తే కుడిదీ అదే రోజు మార్పించండి. అందాకా స్విచ్ లైన్‌లో పెట్టి ఆక్స్‌లో వినండి.